బండి ఇంటికి వచ్చాక

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మాఘమాసంలో ఒక ఆదివారం అందరం అరసవల్లి వెళ్లాం. గుడికి కాస్త దూరంలో కారు ఆపి, అత్తయ్యను దింపి చెయ్యి పట్టుకుని నడిపించే కంగారులో మా మరిది తాళం బండికే వదిలేశాడు. పావుగంట తర్వాత గుర్తొచ్చి పరుగెత్తుకొస్తే కారు లేదు. ఇంకాసేపటికి మావారి ఫోనుకి మడపాం టోల్‌గేటులో డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. పోలీసులకు చెప్పాం. పన్నెండు రోజులకు పలాస వైపు ఒక జీడితోట పక్కన, పెట్రోలు అయిపోయి నిలబడి ఉందని ఆ తోట చూసుకునే ఆయన స్టేషనుకి ఫోన్ చేసి చెప్పారట. కోర్టులో పూచీకత్తు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాం. దొంగ ఇంకా దొరకలేదు.

తెచ్చాక చూస్తే, మావారు ఏడాదిగా రేపు చేయిస్తా ఎల్లుండి చేయిస్తా అంటున్న స్టెప్నీ పంక్చరు దొంగ వేయించాడు! డ్రైవరు సీటు స్టీరింగుకి ఆనేంత ముందుకి జరిపి ఉంది. సూర్యనారాయణమూర్తి ఫొటో ముందు ఎండిన మందారప్పువ్వు ఉంది, మాలో ఎవరూ పెట్టలేదు. నాకు నవ్వు ఆగలేదు. అత్తయ్య మాత్రం "ఏటమ్మా, నీకు నవ్వెలాగొస్తంది?" అని ఏడ్చేశారు. మామయ్యగారు మాస్టారుగా రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్న కారు అది. ఆయన పోయి ఏడాదైంది. అచ్చిరాలేదు, అమ్మేయండంటున్నారు. మావారు రాత్రి రెండు మూడుసార్లు లేచి వీధిలోకి వెళ్లి కారు చూసి వస్తున్నారు. మరిది విశాఖలో ఉద్యోగం, ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఒక పెళ్లిలో నేను ఈ కథంతా చెప్పి నలుగురినీ నవ్వించాను, అప్పట్నుంచి రావడం లేదు. మా వీధిలో కార్లు కడిగే కుర్రాడు ముందురోజు "రేపు అరసవల్లా అమ్మా?" అని అడిగాడని మొదట్లో వాడి మీద అనుమానం చెప్పాం. పోలీసులు పిలిపించి ఒక పూట కూర్చోబెట్టి పంపేశారు, అది అయిపోయిందనుకోండి. దేవుడు దయ చూపాడు కదా, అందరం నవ్వుకుని మొక్కు తీర్చుకుందామంటే ఎవరూ కలిసి రావడం లేదు. నాకు నవ్వు రావడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. పన్నెండు రోజులు ఆ ఇంటిని మీరు ఎలా నెట్టుకొచ్చారో మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను. అత్తయ్యగారికి వేళకి అన్నం పెట్టడం, మీవారిని స్టేషనుకి పంపడం, వచ్చేపోయేవాళ్లకి అదే కథ మళ్లీ మళ్లీ చెప్పడం మీ మీదే పడి ఉంటుంది. అన్నాళ్లు బిగపట్టినది వదిలేటప్పుడు కొందరికి ఏడుపు వస్తుంది, కొందరికి నవ్వు వస్తుంది. మీకు నవ్వు వచ్చింది. దొంగ స్టెప్నీ బాగుచేయించి పెట్టాడంటే నాకూ నవ్వొచ్చింది. ఆ మందారప్పువ్వు దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయాను. ఎవరతను, ఏ అవసరంలో ఉన్నాడో, తనది కాని బండిలో ఉన్న దేవుడికి పువ్వు పెట్టాడు.

మీ ఇంట్లో నలుగురూ ఒకే కారు గురించి మాట్లాడుతున్నారు గానీ, ఒక్కొక్కరికి పోయింది వేరు. అందుకే అందరికీ ఒకేసారి నవ్వు రావడం లేదు.

మీవారి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అక్కడ ఒక చిన్న ప్రశ్న ఉంది. దొంగ తీసుకెళ్లిన తాళంచెవి కారులో దొరికిందా? మీరు రాయలేదు. దొరకకపోతే ఆయన భయానికి అర్థం ఉందమ్మా. మీ కారు తాళంచెవి ఎక్కడో ఒక మనిషి జేబులో ఉంది, ఆ మనిషి ఇంకా దొరకలేదు. "వచ్చేసింది కదండీ, ఇంకెందుకు టెన్షన్" అని ఎన్నిసార్లు చెప్పినా నిద్ర పట్టదు. దర్యాప్తు చేస్తున్న పోలీసులకు ఒక మాట చెప్పి తాళాల సెట్టు మార్పించండి. చిప్పు ఉన్న తాళంచెవి అయితే పాతది పనిచేయకుండా షోరూములో తీసేస్తారు. ఒక గేరు లాకు కూడా వేయించండి. తాళం దొరికి ఉన్నా గేరు లాకు వేయించడం మంచిదే. రాత్రి పడుకునే ముందు ఇద్దరూ కలిసి వెళ్లి ఒక్కసారి చూసి, తాళంచెవి గదిలో ఒక మేకుకి తగిలించండి. అర్ధరాత్రి మెలకువ వస్తే వీధిలోకి వెళ్లకుండా ఆ మేకు వైపు చూసి పడుకోమనండి. మొదటి వారం వెళ్తారు. వెళ్లనివ్వండి, ఆటపట్టించకండి. నెల దాటినా ఇలాగే ఉంటే, చిన్న చప్పుడుకి ఉలిక్కిపడుతుంటే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కదలడం కుదరకపోతే మనసు బాధలకి ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయవచ్చు, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

అత్తయ్యగారికి మామయ్యగారు ఒకసారి పోయారు. కారు పోయినరోజు ఆ పోవడం రెండోసారి అయింది. దొరికిందన్న సంతోషం కన్నా ముందు, పరాయివాడెవడో ఆయన సీట్లో కూర్చుని దాన్ని ముందుకి జరిపాడన్న బాధ ఆమెకి తగిలింది. మీరు నవ్విందీ ఆ సీటు చూసే. అందుకే ఏడ్చారు. ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, ఆ కారు ఇంటికి వచ్చినరోజు ఏం జరిగిందో అడగండి. మాస్టారు ఏ రంగు అడిగారు, మొదట ఎక్కడికి తీసుకెళ్లారు, నిమ్మకాయలు ఎవరు పెట్టారు, అన్నీ చెప్పనివ్వండి. సీటు వెనక్కి జరపడం కూడా ఆమె చేతే చేయించండి. దిష్టి తీయిస్తానంటే తీయించండి, గుమ్మడికాయ పగలగొడితే మీకు పోయేదేమీ లేదు.

అమ్మకం గురించి వాదించుకోవాల్సిన పని లేదు. పూచీకత్తు మీద కోర్టు ఇచ్చిన బండిని కేసు తేలేదాకా అనుమతి లేకుండా అమ్మకూడదని, రంగూ రూపూ మార్చకూడదని, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలని సాధారణంగా షరతులు పెడతారు. మీ కాగితాల్లో ఏం రాసి ఉందో వకీలుతో ఒకసారి చదివించుకోండి. "ఇప్పుడు అమ్మడం కుదరదంట అత్తయ్యా, తర్వాత చూద్దాం" అని చెప్పడానికి మీ దగ్గర నిజమైన కారణం ఉంది. ఈలోగా ఆమె మనసు ఎటు మళ్లుతుందో చూడవచ్చు. బీమా కంపెనీకి పోయిందని చెప్పి ఉంటే, దొరికిందని కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

మీ మరిది విషయంలో మాత్రం మీరు కాస్త పొరపాటు చేశారమ్మా. మీ కథలో దొంగ ఉన్నాడు, స్టెప్నీ ఉంది, పువ్వు ఉంది. కానీ ఆ కథ ఎవరికి చెప్పినా తాళం వదిలేసిన మనిషి దగ్గరే మొదలవుతుంది. పెళ్లిలో నవ్వినవాళ్లు దొంగని చూసి నవ్వి ఉండవచ్చు. అతనికి వినిపించింది మాత్రం తన మీద నవ్వే. పైగా అతను తాళం మరిచిపోయింది నిర్లక్ష్యంతో కాదు, తల్లి పడిపోకుండా చెయ్యి పట్టుకునే తొందరలో. ఆ మాట మీ ఇంట్లో ఎవరైనా పైకి అన్నారా? ఇకమీదట ఈ కథ అతను మొదలుపెట్టేదాకా మీరు మొదలుపెట్టకండి. ఒకరి పొరపాటు ఉన్న కథని నవ్వుగా చెప్పే హక్కు మొదట వాళ్లదే.

అతనికి ఫోన్ మీరు చేయకండి, మీవారి చేత చేయించండి. "రా బాబూ, అమ్మని అరసవల్లి తీసుకెళ్లాలి, బండి నువ్వే నడపాలి" అంటే చాలు. వచ్చాక ఆ కొత్త తాళంచెవి అందరిముందూ అతని చేతికి ఇవ్వమనండి.

ఇప్పుడు, మీరు "అయిపోయిందనుకోండి" అని ఒక ముక్కలో దాటేసిన సంగతి. మీ ఉత్తరం చదువుతుంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

నా చిన్నతనంలో మేం విజయనగరంలో ఉండేవాళ్లం. ఒకరోజు మా నాన్నగారి సైకిలు కనపడలేదు. తెల్లవారుజామున పాలు పోయడానికి వచ్చే కుర్రాడు తప్ప మా ఇంటికి ఎవరూ రారని, వాడినే అడిగారు. గట్టిగానే అడిగారు, వీధిలో నిలబెట్టి. మూడోరోజు గంటస్తంభం దగ్గర కొట్టువాడు కనిపించి, "మాస్టారూ, సైకిలు వదిలేసి నడిచి వెళ్లిపోయారు, లోపల పెట్టి ఉంచాను" అన్నాడు. ఇంట్లో అందరూ ఆ రాత్రి నవ్వుకున్నారు. నాన్నగారూ నవ్వారు. ఆ కుర్రాడు మళ్లీ రాలేదు, పాలకి వేరేవాళ్లని పెట్టుకున్నాం. మా నాన్నగారు మంచి మనిషి. అయినా ఆ కుర్రాడి ఇంటికి వెళ్లలేకపోయారు. నలభై ఏళ్ల తర్వాత కూడా నాకు సైకిలు గుర్తులేదు గానీ, వీధిలో నిలబడ్డ ఆ పిల్లాడి ముఖం గుర్తుంది.

మీ కారు మీకు వచ్చింది. ఆ కుర్రాడి పేరు మాత్రం అతనికి తిరిగి రాలేదు. స్టేషనులో ఒక పూట కూర్చుని వచ్చిన పిల్లాడి చేత ఇంకో నాలుగిళ్లవాళ్లు కార్లు కడిగించుకోవడం మానేసి ఉండవచ్చు, ఒకసారి కనుక్కోండి. వాళ్లమ్మ ఆ పూట ఎలా ఉండి ఉంటుంది? మీరు పన్నెండు రోజులు కారు కోసం పడ్డ గుబులు ఆమె కొడుకు కోసం పడి ఉంటుంది.

మొక్కు తీర్చుకునే ముందు మీ దంపతులిద్దరూ వాళ్లింటికి వెళ్లండి. కబురు పంపి మీ ఇంటికి పిలిపించుకోకండి. తల్లిదండ్రుల ముందు, "మా భయంలో నీ పేరు చెప్పాం బాబూ, అది తప్పు, మమ్మల్ని క్షమించు" అనండి. "పోలీసులే పిలిచారు", "ఆ పరిస్థితిలో ఎవరైనా అంటారు" లాంటి మాటలు వద్దు. డబ్బు కవరు పట్టుకెళ్లకండి, అది మాటకి ధర కట్టినట్టు అవుతుంది. స్టెప్నీ కథ అక్కడ ఎత్తకండి. అతను ఏమీ అనకపోవచ్చు, లోపలికి వెళ్లిపోవచ్చు. నొచ్చుకోకుండా వచ్చేయండి. మర్నాటి నుంచే కారు కడగమని అడగకండి, అతనే రావాలి. తర్వాత స్టేషనుకి వెళ్లి, ఈ అబ్బాయి మీద మాకు ఏ అనుమానమూ లేదని కాగితం రాసి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం తెచ్చుకుని, దాని నకలు అతనికి ఇవ్వండి. వీధిలో ఎవరి ముందు అనుమానం అన్నారో వాళ్లందరి ముందూ, అప్పుడు ఎంత గట్టిగా అన్నారో ఇప్పుడు అంత గట్టిగా, ఆ పిల్లాడు మంచివాడని చెప్పండి. మీవారు వెనకాడతారేమో, మగవాళ్లకి ఇది కష్టం. అయినా వదలకండి. ఆయన రాత్రిళ్లు లేవడంలో ఈ బరువు కూడా కొంత ఉందేమో, నెమ్మదిగా అడిగి చూడండి.

దేవుడికి మొక్కు తీర్చండి, తప్పకుండా. ఆదిత్యుడి దగ్గరే పోయింది కాబట్టి అక్కడికే వెళ్లండి. దానితోపాటు ఆ జీడితోటాయన దగ్గరికి కూడా వెళ్లండి. ఆయనకి మీరెవరో తెలియదు. నిలబడి ఉన్న బండిని చూసి, మనకెందుకులే అనుకోకుండా, స్టేషనుతో మాట్లాడే గొడవ నెత్తిన వేసుకుని ఫోన్ చేశాడు. ఆయన చిరునామా స్టేషనులో అడగండి, ముందు ఆయన్ని అడిగి ఒప్పుకుంటేనే వెళ్లండి. ఇంట్లో చేసిన అరిసెలో, పొందూరు ఖద్దరు పంచో పట్టుకెళ్లి, అత్తయ్యగారి చేతుల మీదుగా ఇప్పించండి. బండి ఎక్కడ, ఎలా ఉందో ఆయన చూపిస్తాడు. ఆమె ఆ చోటు కళ్లారా చూడటం మంచిది. ఇన్నాళ్లూ మనసులో ఇంకేదో ఊహించుకుని ఉంటారు.

ఆ ప్రయాణం అదే కారులో, మీ మరిది నడుపుతుండగా వెళ్లండి. నరసన్నపేట దాటాల్సిన దారే కాబట్టి ముందు మడపాం టోల్‌గేటు వస్తుంది. మీవారి ఫోను మోగి, డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది. అప్పుడు మీరేమీ అనకండి. కారులో ముందు ఎవరు నవ్వుతారో చూసి నాకు రాయండి.