నిండిన విమానం చూసి మురిసిపోకు

చిరంజీవి హారికకి,

మామయ్య ఆశీస్సులు. గురుగ్రామ్‌లో ఎయిర్‌లైన్ రెవెన్యూ విభాగంలో చేరావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమమ్మా. ఇరవై ఎనిమిదేళ్లు నేనూ చేసిన పనే కాబట్టి రాయకుండా ఉండలేకపోయాను.

సాయంత్రానికి వాడిపోయిన వంకాయలు సగం ధరకైనా పోతాయి. విమానం తలుపు మూశాక ఖాళీ సీటుకి పైసా రాదు. ఆ టెన్షన్‌తోనే కొత్తవాళ్లు తొందరపడి చవగ్గా అమ్మేస్తారు. నేనూ అదే చేశాను. ఒక సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే విమానం రెండు నెలల ముందే నింపేసి గర్వపడ్డాను. భోగి ముందురోజు మా మేనేజర్ పిలిచి తిరుగు ప్రయాణం లిస్టు చూపించారు. పట్టుమని పాతిక మంది లేరు. పండక్కి జనం ఒకవైపే కదులుతారు. ఖాళీగా తిరిగొచ్చే విమానానికీ ఇంధనం పోయాలి, ల్యాండింగ్ ఛార్జీలు కట్టాలి. ఆ ఖర్చంతా వెళ్లేవైపు టికెట్లే మోయాలి. అక్కడేమో ఎంతైనా ఇస్తామన్నవాళ్లకి నా దగ్గర ఒక్క సీటూ మిగల్లేదు.

లెక్క వేసి చూడు. 180 సీట్లూ 2,500 చొప్పున అమ్మితే నాలుగున్నర లక్షలు. 140 సీట్లే అమ్ముడై సగటున 3,500 వస్తే 4 లక్షల 90 వేలు. అందుకే లోడ్ ఫ్యాక్టర్‌తో (సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క) పాటు యీల్డ్ (ఒక్కో ప్రయాణికుడి నుంచి కిలోమీటరుకి సగటున వచ్చిన డబ్బు) చూడు. ఒక్కో సీటుకి, ఒక్కో కిలోమీటరుకి వచ్చిన ఆదాయం ఖర్చు కంటే ఎక్కువ ఉందా అన్నది రోజూ చూసుకో. 1985లో అమెరికాలో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే విమాన సంస్థ చవక టికెట్లతో పోటీకొస్తే, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ముందుగా కొనేవాళ్లకి కొన్ని సీట్లే తగ్గించి ఇచ్చి, మిగతావి చివర్లో వచ్చే ఆఫీసు ప్రయాణికులకి దాచింది. ఇప్పుడు నీ స్క్రీన్ మీద కనిపించే ఫేర్ బకెట్లన్నీ, అంటే ఒకే విమానంలో ఒక్కో ధరకి ఇన్నని విడగొట్టిన సీట్ల వాటాలన్నీ, ఆ ఆలోచన నుంచి వచ్చినవే.

ఖర్చులు నీ చేతిలో ఉండవు, కానీ తెలిసి ఉండాలి. విమాన ఇంధనం జీఎస్టీలో లేదు, రాష్ట్రానికో వ్యాట్. ధర నెలనెలా 1వ తేదీన మారుతుంది. విమానాల లీజు అద్దె డాలర్లలో కట్టాలి, రూపాయి పడితే అది పెరుగుతుంది. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది ప్రయాణికులు దొరక్క కాదు, అప్పులు తీర్చలేక.

వీలైతే మొదటి నెలలోనే ఒక వారం ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగి ప్రయాణికుల్నీ సామాన్లనీ ఎక్కించుకునే చోట, గడుపు. దిగిన విమానం అరగంటలో మళ్లీ ఎగరాలంటే ఎంతమంది పరుగెత్తాలో కళ్లారా చూడు. ఒక్కచోట ఇరవై నిమిషాలు పోతే రాత్రి దాకా ప్రతి ఊళ్లోనూ ఆలస్యమే.

ఓవర్‌బుకింగ్ నంబరు, అంటే ఉన్న సీట్ల కంటే అదనంగా అమ్మే టికెట్లు, పెంచేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త ఆపు. సీటు దొరకని ప్రయాణికుణ్ణి గంటలోపు బయలుదేరే మరో విమానం ఎక్కించలేకపోతే, ఆలస్యాన్ని బట్టి 10,000 లేదా 20,000 దాకా పరిహారం ఇవ్వాలి. ఆ రోజు ఆఖరి విమానానికి అసలు పెంచకు. గేటు దగ్గర మిగిలిపోయినవాళ్లకి తెల్లారేదాకా ఇంకో దారి ఉండదు.

ఆదివారం ఫోన్ చెయ్యి. నీ మొదటి రూటు ఏదో చెప్పు, కలిసి చూద్దాం.

మీ మామయ్య