పెద్దాపరేషన్ తర్వాత మామూలు కాన్పు: అడగాల్సినవి ముందే అడుగు

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఐదో నెల వచ్చిందనీ, ఈసారి మామూలు కాన్పుకి ప్రయత్నించాలని ఉందనీ రాశావు. తప్పకుండా ఆలోచించాల్సిన సంగతే. కాకపోతే, ఒకసారి కోస్తే ప్రతిసారీ కోయాల్సిందేనన్న మాట మీద గానీ, ధైర్యం ఉంటే అన్నీ అవే అవుతాయన్న మాట మీద గానీ నిర్ణయం తీసుకోకు.

ముందు బీరువాలోంచి పాత డిశ్చార్జి కాగితం తియ్యి. పొట్ట మీద గీత అడ్డంగా ఉందని లోపల గర్భసంచి మీదా అలాగే కోశారనుకోవద్దు. చర్మం మీది కోత వేరు, సంచి మీది కోత వేరు. కాగితంలో ‘ఎల్ఎస్‌సీఎస్’ అని ఉంటే సంచి కింది భాగంలో కోశారని. ఆ భాగం నొప్పుల్లో పెద్దగా బిగుసుకోదు, కాబట్టి కుట్టు నిలుస్తుంది. ‘క్లాసికల్’ అనో, ‘ఇన్వర్టెడ్ టీ’ అనో ఉంటే మాత్రం కోత సంచి పైభాగంలోకి వెళ్ళిందని, ఈ ఆలోచన అక్కడితో మానుకో. పైభాగమంతా దళసరి కండ, ప్రతి నొప్పికీ బిగుసుకునేది అదే. అక్కడి కుట్టు నొప్పులు మొదలవకముందే విడిపోవచ్చు. మాయ కిందికి దిగి దారికి అడ్డం ఉన్నా ఆపరేషనే. కాగితం పోయిందంటే ఆ ఆస్పత్రికి వెళ్ళి కేస్‌షీట్‌లోని ఆపరేషన్ నోట్స్ నకలు అడుగు.

ఎందుకు కోశారన్నదీ ఆ కాగితంలోనే ఉంటుంది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందనో, గుండె చప్పుడు తగ్గిందనో అయితే ఆ కారణం ఈసారి ఉండాలని లేదు. నొప్పులు వచ్చి, దారి తెరుచుకోవడం మధ్యలో ఆగిపోయి ఉంటే అవకాశం కొంత తగ్గుతుంది కానీ పోదు. ‘సీపీడీ’, అంటే కటి ఇరుకు అని రాసి ఉండి, అసలు నొప్పులే రానివ్వకుండా చేసి ఉంటే ఆ మాటను అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదు. బిడ్డ పడుతుందో లేదో తేల్చేది నొప్పులే.

ఒక్క ఆపరేషన్ అయినవాళ్ళు 100 మంది ప్రయత్నిస్తే 72 నుంచి 75 మందికి మామూలుగానే అవుతుంది. అంతకుముందు ఒక్కసారైనా మామూలు కాన్పు అయి ఉంటే 85 నుంచి 90 మందికి. తల్లి బాగా బరువున్నా, బిడ్డ నాలుగు కిలోలు దాటుతుందనిపించినా, నొప్పులు మందులతో తెప్పించాల్సి వచ్చినా ఆ అవకాశం తగ్గుతుంది. భయపడాల్సింది కుట్టు విడిపోవడానికి. నొప్పులు వాటంతటవే వస్తే అది దాదాపు 200 మందిలో ఒకరికి జరుగుతుంది. రెండు ఆపరేషన్లయిన మీ తోటికోడలికి 100 మందిలో ఒకరి కన్నా కాస్త ఎక్కువ. ఆమెకి దారి మూసుకుపోయిందని కాదు, పెద్ద డాక్టరు దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. పాత ఆపరేషన్‌కీ ఈ కాన్పుకీ మధ్య 18 నెలలైనా లేకపోతే కుట్టు మీద నమ్మకం తగ్గుతుంది. స్కానింగ్‌లో కుట్టు మందం ఇన్ని మిల్లీమీటర్లు అని రాస్తే ఆ ఒక్క అంకె చూసి బెంబేలెత్తకు. ఇంతకు తగ్గితే కుదరదన్న గీత ఎవరూ తేల్చలేదు.

మళ్ళీ ఆపరేషనే అయితే ప్రమాదం లేదనుకోవద్దు. కోసిన కొద్దీ లోపల పేగులు, మూత్రసంచి అతుక్కుంటాయి. తర్వాతి కడుపులో మాయ కిందికి ఉండి, పాత కుట్టులోకి పాతుకుపోతే రక్తస్రావం చాలా తీవ్రంగా ఉంటుంది. మాయ కిందికి ఉన్నవాళ్ళలో ఒక ఆపరేషన్ అయితే 100కి 11 మందికి, రెండైతే 40 మందికి ఇలా జరుగుతుంది. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో మాయ ఎక్కడుందో తప్పక అడుగు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం ఆపరేషన్లే. ఇంతమందికి అయింది కాబట్టి అదే మామూలు అనుకునే రోజులొచ్చాయి, అదే నా బాధ.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఆస్పత్రి. పుట్టింటికి వెళ్తే అక్కడి నర్సింగ్‌హోమ్‌లో మత్తు డాక్టరు పిలిస్తే వచ్చే మనిషా, లేక రాత్రి రెండు గంటలకి అక్కడే ఉంటారా? కోయాలని నిర్ణయించాక అరగంటలో బిడ్డను బయటికి తియ్యగలరా? రక్తం లోపలే దొరుకుతుందా, బయట నుంచి తేవాలా? బిడ్డ గుండె చప్పుడు చూసే సీటీజీ బెల్టు నొప్పులున్నంతసేపూ నీకే కడతారా, పది నిమిషాలు కట్టి తీసేస్తారా? ఈ నాలుగూ నేరుగా అడుగు. దాటవేస్తే, ఎంత మంచి డాక్టరైనా అక్కడ ప్రయత్నించకు. ఎనిమిదో నెలలోపే అడగాలి, తొమ్మిదిలో ఆస్పత్రి మారడం కష్టం.

నొప్పులు మొదలైతే ఇంట్లో కూర్చుని లెక్కపెట్టుకోవద్దు, బయలుదేరు. ఉమ్మనీరు పోయినా అంతే. చేరగానే చేతికి సూది పెట్టి ఉంచాలి, రక్తం సరిపోల్చి ఉంచాలి. తేదీ దాటితే నొప్పులు తెప్పించడానికి మిసోప్రోస్టాల్ మాత్ర పెడతామంటే ఒప్పుకోవద్దు. కుట్టున్న సంచికి అది ప్రమాదం. గొట్టం చివర బుడగ పెట్టి తెరిపించే పద్ధతి దానికన్నా మేలు. ఆక్సిటోసిన్ సెలైన్‌తో కుట్టు విడిపోయే ప్రమాదం రెండు మూడింతలవుతుంది. పెట్టాల్సి వస్తే పెద్ద డాక్టరు చూసి చెప్పాలి, చుక్క చుక్కగా పెంచాలి.

కుట్టు విడిపోతోందని మొదట చెప్పేది చాలాసార్లు బిడ్డ గుండె చప్పుడే, బెల్టు తియ్యొద్దనేది అందుకే. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పొట్ట నొప్పి తగ్గకపోవడం, వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం, కిందికి దిగిన తల మళ్ళీ పైకి పోవడం, భుజం చివర నొప్పి, మూత్రంలో రక్తం, ఎర్రగా రక్తం పోవడం, వీటిలో ఏదైనా సరే గట్టిగా అరిచి చెప్పు. నడుముకి మత్తు సూది వేయించుకోవచ్చు, కానీ మందు మళ్ళీ మళ్ళీ ఎక్కువ కావలసి వస్తుంటే అదీ సంకేతమే.

మధ్యలో నీకే వద్దనిపిస్తే ఆపరేషన్ అడిగే హక్కు నీది. ముందుగా ఆపరేషనే అనుకుంటే ముహూర్తం ఏదైనా 39 వారాలు నిండాకే పెట్టించండి. తొందరపడితే బిడ్డకి ఊపిరి ఇబ్బంది. ఎలాగూ ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి కదా, పన్లో పని అంటారు ఇంట్లో. మామూలు కాన్పయ్యాక కూడా వారంలోపే బొడ్డు కింద చిన్న కోతతో అది చేస్తారని మీ అత్తగారికి చెప్పు.

ఆస్పత్రి సంచిలో బట్టల మీద, అన్నిటికన్నా పైన ఆ పాత కాగితం పెట్టు. గేటు దగ్గర ఎవరు ఎదురైనా, “ముందు పెద్దాపరేషన్ అయింది” అన్నదే నీ మొదటి మాట కావాలి.

మీ పెద్దమ్మ