చేతులు కలిపిస్తే తీరే గొడవ కాదిది

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఓ ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. నాగర్‌కర్నూల్ నుంచి కొత్తగా వచ్చిన ఒక బాబును ముగ్గురు అబ్బాయిలు 'జొన్నరొట్టె' అని పిలుస్తూ, డబ్బా లాక్కుంటూ ఏడిపిస్తున్నారు. అందరి ముందూ సారీ చెప్పించి చేతులు కలిపించాను. అప్పట్నుంచి ఇంకా ఎక్కువైంది. ప్రిన్సిపాల్ 'పిల్లలన్నాక మామూలే' అంటారు. మావారేమో 'నీకెందుకు టెన్షన్, రెండు తగిలించు, వాళ్ళే దారికొస్తారు' అంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

జవాబు: టీచర్ గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి ఆ స్కూల్లో ఈ బాబు గురించి బాధపడుతున్న పెద్దవాళ్ళు మీరొక్కరే. దయచేసి వదిలేయకండి.

ముందు ఒక్క విషయం. సమానంగా ఉన్న ఇద్దరు కొట్టుకుంటే గొడవ. ముగ్గురు ఒకవైపు, ఊరికి కొత్తైన ఒక్కడు ఇంకోవైపు, రోజూ అదే తంతు అయితే అది వేధింపు. ఈ విషయం మీద 1970ల నుంచి పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ కూడా ముఖ్యంగా ఈ రెండూ చూడమన్నాడు: మళ్ళీ మళ్ళీ జరుగుతోందా, బలంలో తేడా ఉందా. గొడవకు వేసే మందు దీనికి వేస్తే వికటిస్తుంది, ఎందుకంటే టీచర్‌కి చెబితే తనే అందరి ముందూ నిలబడాలని ఆ బాబుకు, ఒక్క సారీతో సరిపోతుందని ఆ ముగ్గురికి అర్థమైపోయింది.

ఇప్పుడు బాబును ఒంటరిగా పిలవండి, స్టాఫ్ రూమ్‌లో కాదు, నోట్సులు మోయడానికో దేనికో అన్నట్టు. 'నువ్వేమన్నావు వాళ్ళని' అని మాత్రం అడగొద్దు. ఎక్కడ జరుగుతోంది, ఏ టైమ్‌లో, బాత్రూమ్ దగ్గరా, బస్సు వెనక సీట్లోనా, మెట్ల మీదా, అది అడగండి. మీరు ఏం చేయబోతున్నారో వాడికి ముందే చెప్పండి. తర్వాత ఆ ముగ్గురినీ విడివిడిగా, ఒకడు బయటికెళ్ళి ఇంకొకడికి చెప్పే వీలు లేకుండా, వెంటవెంటనే పిలిచి మీ కళ్ళతో చూసిందే చెప్పండి: 'నువ్వు డబ్బా లాక్కోవడం నేను చూశాను, ఇక జరగకూడదు.' అప్పుడు చాడీ చెప్పాడన్న మాట బాబు మీదికి రాదు. కొట్టొద్దు, మీవారు చెప్పినా సరే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అటు దెబ్బల్నీ ఇటు మానసిక వేధింపునీ నిషేధించింది, పైగా బలమున్నవాడిదే రాజ్యమని వాళ్ళకు మీరే నేర్పినట్టవుతుంది.

నిజానికి ఈ ముగ్గురికంటే చుట్టూ కూర్చుని నవ్వేవాళ్ళతోనే ఎక్కువ పని. నవ్వేవాళ్ళు లేకపోతే వేధించడంలో వాళ్ళకు మజా ఉండదు. ఫిన్లాండ్ స్కూళ్ళలో కీవా అనే పద్ధతి ఉంది, అందులో బాధపడే పిల్లాడికి తోడుగా ఉండమని క్లాసులో మంచి పేరున్న ఇద్దరు ముగ్గురిని టీచరే పిలిచి అడుగుతారు. మీరూ అడగండి, ఆ వయసు పిల్లలు నమ్మి అప్పగిస్తే చాలా బాగా చేస్తారు. లంచ్ టైమ్‌లో కొన్నాళ్ళు మీరు ఆ క్లాసులోనే కూర్చోండి, బస్సులో ఉండే ఆయమ్మకూ ఒక మాట చెప్పండి. జొన్నరొట్టె గొప్పతనం మీద క్లాసు తీసుకుందామని మాత్రం అనుకోకండి, మళ్ళీ అందరి కళ్ళూ వాడి మీదే పడతాయి. వారం తర్వాత మళ్ళీ అడగండి, రెండు వారాలకు ఇంకోసారి. చాలామంది టీచర్లు ఇక్కడే ఆపేస్తారు.

ప్రిన్సిపాల్‌కి నోటితో చెప్పి ఊరుకోకండి. తేదీ, చోటు, జరిగింది రాసి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. కాగితాన్ని 'మామూలే' అని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. బాబు ఇంటికి ఫోన్ మీరే చేయండి, వేరే ఎవరి ద్వారానో తెలిస్తే వాళ్ళు స్కూల్ మార్చేస్తారు. మీవారితో 'సలహా వద్దండీ, కాసేపు వినండి చాలు' అని చెప్పి చూడండి.

బాబు తిండి మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా అదే రోజు తల్లిదండ్రుల్ని పిలిపించండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కాల్ చేయొచ్చు. స్కూలు అప్పటికీ కదలకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది.