పిల్లల బొమ్మలకు గోడ మీద చోటు

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మా కాలనీ సంఘం ఒక చిన్న కళాకేంద్రాన్ని నడుపుతోంది. వేసవిలో చిత్రలేఖనం నేర్చుకున్న 10–16 ఏళ్ల పిల్లల బొమ్మలతో ప్రదర్శన పెట్టాలనుకుంటున్నాం. బహుమతులు ఇవ్వాలని కొందరు, అన్ని బొమ్మలూ పెట్టాలని కొందరు అంటున్నారు. ఏది మేలు? ఏర్పాట్లు ఎలా చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: బహుమతుల ఆలోచన మానుకోమనే మా సలహా. ప్రథమ, ద్వితీయ అని చీటీలు అంటించగానే చూడవచ్చినవారు వాటినే వెతుక్కుంటారు, మిగతా బొమ్మల ముందు ఎవరూ ఆగరు. అలాగని వేసిన ప్రతి కాగితాన్నీ గోడకెక్కించడమూ సబబు కాదు. ఒక్కొక్కరి బొమ్మలన్నీ నేల మీద పరిపించి, నచ్చిన మూడింటిని వారినే తీయమని, వాటిలో ఒకటో రెండో మాస్టారు ఖాయం చేస్తే, ఏది ఎందుకు నిలిచిందో పిల్లలు తమంతట తామే ఆలోచించుకుంటారు. క్యాలెండరు చూసి దించిన దేవుడి బొమ్మ కన్నా, వీధిలోని ఇస్త్రీ బండిని చూసి వంకర గీతలతో వేసినదానికే ముందు చోటివ్వండి.

ఈ విషయంలో మీ ఊరికి ఒక చరిత్ర ఉంది. 1897లో జన్మించిన చిత్రకారుడు దామెర్ల రామారావు ప్రతిభను అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివే అవకాశం కల్పించారు. రామారావు తిరిగి వచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళాశాల నెలకొల్పి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశారు. ఆయన పేరిట ఉన్న గ్యాలరీకి పిల్లలను ముందుగానే తీసుకువెళ్లి, చిత్రాల మధ్య ఎంత ఖాళీ వదిలారో, వెలుతురు ఎటునుంచి పడుతోందో గమనించమనండి.

బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 145–150 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే పెద్దలకు వీలుగా ఉంటుంది. వచ్చేవారిలో పిల్లలే ఎక్కువైతే 20 సెంటీమీటర్లు దించండి. ఆయిల్ పాస్టెల్ పూర్తిగా ఆరదు, తాకితే చెరుగుతుంది, అద్దానికి అంటుకుంటుంది. కాబట్టి చుట్టూ మౌంట్ బోర్డు (మధ్యలో కిటికీలా కోసిన మందపాటి అట్ట) పెట్టి అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఉంచాలి. సెల్లోటేపు బొమ్మకు తగలకూడదు, కొన్నాళ్లకు పసుపు మరక మిగులుతుంది. నీటి రంగులు ఎండకు వెలిసిపోతాయి కనుక కిటికీకి ఎదురుగోడ వద్దు. ఫ్రేములకు డబ్బు చాలకపోతే తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీసినా లోటేమీ లేదు. (శాలువాలకు ఉద్దేశించిన సొమ్ము మౌంట్ బోర్డులకు మళ్లిస్తే అతిథులు నొచ్చుకోరనే మా నమ్మకం.)

బొమ్మ కింది చీటీలో పేరు, వయసు, వాడిన రంగులు చాలు. చిరునామా, ఫోన్ నంబరు రాయకండి. బొమ్మకు పేరు మాత్రం పిల్లలే పెట్టాలి. ఒక పిల్లవాడు 'మా తాతయ్య సైకిలు, గాలి లేదు' అని రాస్తే దాన్ని 'గ్రామీణ జీవనం' అని దిద్దడం ఆ బొమ్మను సగం చెరిపేయడమే.

ప్రశ్న: ప్రదర్శనలోని బొమ్మలతో కేంద్రం క్యాలెండరు అచ్చువేసి అమ్మవచ్చా?
– మరొక పాఠకుడు

జవాబు: అడగకుండా అచ్చువేయకూడదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రంపై తొలి హక్కు సాధారణంగా దాన్ని గీసినవారిదే; అది గొప్ప కళాఖండమా కాదా అన్నదానితో చట్టానికి నిమిత్తం లేదు, గీసినవారి వయసు తక్కువైనంత మాత్రాన హక్కు పోదు. అయితే 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు కనుక తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసిన అంగీకారపత్రం తీసుకోండి. ఎన్ని ప్రతులు వేస్తారో, వచ్చిన డబ్బులో ఆ పిల్లలకు ఎంత చెందుతుందో అందులోనే రాయండి. ప్రతి పుటలోనూ చిత్రకారుల పేరు అచ్చు కావాలి. అసలు బొమ్మలను ప్రదర్శన ముగిసిన వారంలోపు సంతకం తీసుకుని తిరిగి ఇచ్చేయండి.