గోడకు నెమ్ము, బాబుకు దగ్గు: ముందు దేనికి వైద్యం?

ప్రశ్న: వేసవిలో హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ కొనుక్కుని చేరాం. వానలు మొదలయ్యాక పడకగదిలో ముక్కిన వాసన వస్తోంది. మొన్న బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్ల మచ్చలు, పెయింట్ పొక్కులు. ఆ గోడకు అవతల బాత్రూమ్ ఉంది. అదే గదిలో పడుకునే మా ఆరేళ్ల బాబుకు రెండు నెలలుగా రాత్రిపూట పొడిదగ్గు, పొద్దున లేవగానే తుమ్ములు. దసరా సెలవులకు మా పుట్టింటికి వెళ్తే తగ్గింది. తిరిగొచ్చిన మూడో రోజుకే మళ్లీ మొదలైంది. మా అత్తగారికి షుగర్ ఉంది. ఇది బ్లాక్ ఫంగసేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. మళ్లీ పెయింట్ వేయిస్తే సరిపోతుందని మావారు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు రాసినవాటిలో నాకు బాగా పనికొచ్చింది దసరా సెలవుల సంగతమ్మా. ఊరెళ్తే తగ్గి, ఇంటికి రాగానే తిరగబెట్టే దగ్గుకు కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. మన పెద్దవాళ్లు గోడ చెమ్మనీ నెమ్మే అంటారు, పిల్లల ఛాతీ పట్టేసినా నెమ్ము చేసిందనే అంటారు. మీ ఇంట్లో ఆ రెండింటికీ సంబంధం ఉందనే నా అనుమానం.

తడి ఒకటి రెండు రోజులు ఆరకుండా ఉంటే చాలు, బూజు మొలకెత్తుతుంది. దాని నుంచి లేచే కంటికి కనపడని బీజాలు ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. అలర్జీ తత్వం ఉన్న పిల్లల్లో తుమ్ములు, దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఆస్తమా ఉంటే ఎక్కువవుతుంది. బాబును పిల్లల డాక్టరుకో, ఊపిరితిత్తుల డాక్టరుకో చూపించండి. ఈ వయసు పిల్లలు చాలామంది గొట్టంలోకి ఊదే స్పైరోమెట్రీ పరీక్ష చేయగలరు. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడి మానేయకండి, మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరే పద్ధతి అది. మీ అంతట మీరు యాంటీబయాటిక్స్ మాత్రం వాడొద్దు, అలర్జీ దగ్గుకు అవి పనిచేయవు. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా రాత్రా పగలా అని చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బ్లాక్ ఫంగస్ భయం నాకు అర్థమవుతుంది. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో మనం చూసిన ఆ జబ్బు పేరు మ్యూకర్‌మైకోసిస్. గోడ మీద నల్లగా కనిపించేదంతా అది కాదు. షుగర్ బాగా అదుపు తప్పినవాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఆ ముప్పు ఉంటుంది. కాబట్టి అత్తగారి షుగర్ అదుపులో ఉంచండి, ఆవిడను ఆ గదిలోకి రానివ్వకండి. ముఖం ఒక పక్క వాచినా, నొప్పి పుట్టినా, ముక్కులోంచి నల్లటి స్రావం వచ్చినా, కన్ను వాచినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. గోడ మీది బూజు ఏ రకమో తెలుసుకోవడానికి ల్యాబ్‌కు పంపనక్కర్లేదు. ఏ రకమైనా చేయాల్సిన పని ఒకటే.

ఆ పని పెయింట్ మాత్రం కాదు. తడి గోడ మీద రంగు వేస్తే కొన్నాళ్లకే మళ్లీ పొక్కుతుంది, ఈలోగా బూజు రంగు వెనక పెరుగుతూనే ఉంటుంది. ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలి. మచ్చల పక్కన గోడ మీద జానెడు అల్యూమినియం ఫాయిల్ పెట్టి నాలుగు అంచులూ టేపుతో అతికించి, రెండు రోజులాగి తీయండి. గోడ వైపు తడి ఉంటే నీరు లోపలినుంచి ఊరుతున్నట్టు. గది వైపు తడి ఉంటే గాలిలో తేమ ఎక్కువైనట్టు. మీ గోడకు అవతల బాత్రూమ్ ఉంది కాబట్టి పైపు జాయింట్లు, టైల్స్ సందులు ప్లంబర్‌తో చూపించండి. వాటర్‌ప్రూఫింగ్ కూడా బాత్రూమ్ వైపు నుంచే చేయించాలి. ఆ తర్వాత గోడ పూర్తిగా ఆరడానికి వారాలు పట్టొచ్చు, తొందరపడకండి.

మచ్చలు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మించకపోతే ఇంట్లోవాళ్లే శుభ్రం చేయొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పనికి దిగకూడదు. బాబునూ అత్తగారినీ బయటికి పంపి, గది తలుపు మూసి, కిటికీలు తెరిచి, ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. పొడిగా గీకితే బీజాలు గదంతా లేస్తాయి, సబ్బునీళ్లతో తడిపి తుడవండి. బ్లీచింగ్‌నూ బాత్రూమ్ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపొద్దు, ప్రాణాలకే ముప్పు తెచ్చే క్లోరిన్ వాయువు పుడుతుంది. బూజు పట్టిన పరుపు, ప్లైవుడ్ పనికిరావు, పారేయండి. వాసన పోవాలని సాంబ్రాణి పొగ వేయకండి, దగ్గు ఇంకా పెరుగుతుంది. గోడ ఆరేదాకా బాబును హాల్లో పడుకోబెట్టండి.

ఖర్చు విషయం కూడా ఒక మాట. ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలని ఇళ్లు, ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్లను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. తుడవకముందే గోడకు ఫొటోలు తీసి, బిల్డర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అవే ఫొటోలు బాబును చూసే డాక్టరుకూ చూపించండి.