మోచేతి దగ్గర ఎముక గడ్డ తీయించుకుంటే చెయ్యి మళ్ళీ మామూలుగా చాచగలమా?

మోచేతి కీలు పక్కనే ఎముకలో చిన్న గడ్డ ఉందని, క్యాన్సర్ కాదని చెబుతూనే తీసేద్దామంటున్నారని, తీస్తే చెయ్యి పట్టేస్తుందేమోనని భయంగా ఉందని రాశారు. నేను అలాంటి ఆపరేషనే చేయించుకుని నాలుగేళ్ళయింది. డాక్టర్ని కాను, నాకు జరిగింది చెబుతాను.

నాది ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే, క్యాన్సర్ కాని చిన్న ఎముక గడ్డ. 7 మిల్లీమీటర్లు, అంటే శనగగింజంత కూడా లేదు. అంత చిన్న గడ్డ ఏడాదిన్నర నిద్ర లేకుండా చేసింది. పగలు పెద్దగా తెలిసేది కాదు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో మోచేతి లోపల ఎవరో తొలుస్తున్నట్టు ఉండేది. నొప్పి మాత్ర వేసుకుంటే అరగంటలో మాయం. ఈలోగా చెయ్యి కొద్దికొద్దిగా బిగుసుకుంటూ వచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. మొదట చూసినాయన కీళ్ళవాతం అన్నారు, ఆర్నెల్లు ఆ మందులే మింగాను. ఆయన్ని తప్పు పట్టాలని లేదు. ఈ గడ్డ కీలు లోపల ఉంటే కీలు పొర వాచి అచ్చం వాతంలాగే ఉంటుందట.

ఇంకో డాక్టర్ రెండే ప్రశ్నలు వేశారు. "రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా? మాత్ర వేస్తే బాగా తగ్గుతోందా?" రెండింటికీ అవునన్నాను. వెంటనే సన్నని ముక్కలుగా సీటీ స్కాన్ తీయించమన్నారు. అందులో దొరికింది: ఎముకలో గుండ్రటి నల్లచుక్క, దాని మధ్యలో తెల్లచుక్క. అదే గడ్డ గుండెకాయ, నిడస్ అంటారు. ఈ గడ్డను జాఫే అనే ఆయన 1935లోనే ప్రత్యేకంగా గుర్తించి వర్ణించాడని తర్వాత చదివాను. అప్పటికే తెలిసిన జబ్బుకి నేను ఏడాదిన్నర తిరిగానా అని ఒళ్ళు మండింది.

అది ఉన్న చోటే అసలు చిక్కు. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు ముంజేతి ఎముక మొన వెళ్ళి కూర్చునే గుంట ఒకటి పైచేతి ఎముక కింది భాగంలో, వెనకవైపు ఉంటుంది. నా గడ్డ ఆ గుంట గోడలోనే ఉంది. చెయ్యి చాచడానికి 40 డిగ్రీలు తక్కువ పడేది.

ఇలాంటి గడ్డకు మామూలుగా కోత అక్కర్లేదు. స్కాన్ చూస్తూ సూది గుచ్చి, దాని కొనను 90 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి కొన్ని నిమిషాల్లో కాల్చేస్తారు. రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అంటారు. నేనూ అదే చేయమని అడిగాను. కానీ పక్కనే కీలు మృదులాస్థి ఉంది, చిటికెన వేలికి వెళ్ళే నరమూ దగ్గరే. మోచేయి బల్లకు తగిలితే వేళ్ళ దాకా జివ్వుమంటుందే, ఆ నరం. ఆ వేడి దానికి తగిలితే వేళ్ళ పట్టు పోవచ్చని, పైగా వాచిన కీలు పొరను కూడా శుభ్రం చేయాలని కోసి తీశారు. మీరూ ఈ ప్రశ్న తప్పకుండా అడగండి: "నా గడ్డకు ఏ నరం దగ్గర? ఎంత దూరం?" మోచేతి వెనక లోపలివైపు ఒక నరం, బయటివైపు ముంజేతి ఎముక మెడను చుట్టుకుంటూ ఇంకోటి, ముందువైపు పెద్ద రక్తనాళం, దాని పక్కన మరో నరం. ఇంత ఇరుకు చోట్లో రోజూ పనిచేసే చెయ్యి ఉన్న సర్జన్ కావాలి. నా సలహా అయితే, ఊరికే ఎముకల డాక్టర్ అని సరిపెట్టుకోవద్దు. ఎముక గడ్డలో, మోచేతి ఆపరేషన్లో బాగా చేసినవాళ్ళ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి.

ఆపరేషన్ గంటన్నర పట్టింది. ముందు ఆ నరాన్ని వెతికి పట్టుకుని, మెత్తటి రబ్బరు పట్టీతో పక్కకు జరిపి, ఆ తర్వాతే ఎముక జోలికి వెళ్ళారట. మత్తు దిగాక సర్జన్ వచ్చి "బొటనవేలు పైకెత్తు. వేళ్ళన్నీ విడదీయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టు" అన్నారు. మూడూ మూడు నరాలకు పరీక్షలు. చిటికెన వేలు మొద్దుబారి ఉంది కానీ కదిలింది. ఆ మొద్దు పోవడానికి ఐదు వారాలు పట్టింది, ఆ టెన్షన్ మాత్రం మాటల్లో చెప్పలేను. చిత్రమేమిటంటే, కోత నొప్పి ఉన్నా ఆ పాత రాత్రి నొప్పి మొదటి రాత్రే లేదు.

ఇక అసలు పని. శరీరంలో తొందరగా పట్టేసే కీళ్ళలో మోచేయి ఒకటి. అందుకే రెండో రోజు నుంచే కదిలించమన్నారు. రోజుకు నాలుగైదు సార్లు, నా కండతో నేనే, నొప్పి అంచు దాకా. నేను చేసిన తప్పు ఏమిటంటే, మూడో వారంలో తొందరపడి ఇంట్లోవాళ్ళ చేత బలవంతంగా లాగించుకున్నాను. మర్నాటికి మోచేయి ఉబ్బి, సంపాదించిన 15 డిగ్రీలూ పోయాయి. ఫిజియోథెరపిస్ట్ నన్ను తిట్టని తిట్టు లేదు. లాగితే వాపు, వాపుతో ఇంకా బిగువు, ఒక్కోసారి కీలు చుట్టూ కొత్త ఎముక కూడా పుట్టుకొస్తుందని చెప్పింది.

ఆరు నెలలకు 10 డిగ్రీలు తప్ప మిగతా అంతా వచ్చింది. ఆ 10 ఇప్పటికీ లేవు. 1981లో మోరీ బృందం కొలిచి చెప్పినదాని ప్రకారం చెయ్యి పూర్తిగా చాచితే సున్నా అనుకుంటే, రోజువారీ పనుల్లో చాలావాటికి 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదలిక చాలు. నా అనుభవం కూడా అంతే. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడానికి మాత్రం ఇంకొంచెం ఎక్కువ వంగాలి, మొదటి రెండు నెలలూ ఎడమ చేత్తోనే మాట్లాడాను.

అయితే మీ గడ్డ ఏ రకమో మీరు రాయలేదు, అంతా దానిమీదే ఉంది. ఎముక మీద మొటికలా పెరిగే ఆస్టియోకాండ్రోమా అయితే, నొప్పి లేకుండా, నరాన్ని నొక్కకుండా, కదలికకు అడ్డురాకుండా ఉంటే చాలామందికి ఊరికే గమనిస్తారు. ఒంటి ఎదుగుదల ఆగాక కూడా ఆ గడ్డ పెరుగుతుంటే మాత్రం వెంటనే చూపించాలి. తీసినా పైనున్న మృదులాస్థి టోపీ మిగలకుండా తీయాలి, లేకపోతే మళ్ళీ వస్తుంది. జెయింట్ సెల్ ట్యూమర్ అయితే క్యాన్సర్ కాకపోయినా ఎముకను తినేస్తుంది, తిరిగి వచ్చే గుణమూ ఎక్కువ. దాన్ని గీకి, డ్రిల్లుతో లోపలి గోడలు అరగదీసి, ఖాళీని సిమెంటుతోనో ఎముక ముక్కలతోనో నింపుతారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెకప్‌లు. దీన్ని వాయిదా వేయకండి. నాలాంటి దానికి మాత్రలతో ఏళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళున్నారు, కొందరికి తనంతట తానే చల్లారుతుంది కూడా. కీలు లోపల ఉంటే అలా ఆగడం నాకైతే నచ్చలేదు, రోజూ మాత్రతో కడుపు మంట, ఇటు చెయ్యి బిగుసుకుపోవడం.

బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, చేయాలంటే, ఆపరేషన్ చేయబోయే సర్జన్‌తో మాట్లాడకుండా వేరేచోట సూది గుచ్చించుకోకండి. సూది వెళ్ళిన దారి కూడా తర్వాతి కోతలో కలిసేలా వాళ్ళు ముందే అనుకోవాలి.

రిపోర్టులో గడ్డ పేరు, ఏ ఎముకలో ఏ వైపు ఉందో రాసింది చూసి ఇక్కడ పెట్టండి. ఇప్పుడు చెయ్యి ఎంత చాచగలరో, ఎంత ముడవగలరో పక్కనుంచి రెండు ఫోటోలు తీసి దాచుకోండి. నేను తీయలేదు, అందుకే మొదటి నెలంతా మెరుగవుతున్నానో లేదో తెలియక ఏడ్చాను.