సంజెవేళ వీధిలో కెమెరా: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: సాయంత్రం వీధిలో ఫోన్‌తో ఫొటో తీస్తే పట్టపగల్లా వస్తోంది. కళ్లకు కనిపించిన మసక, దీపాల వెలుగు ఫొటోలో ఉండటం లేదు. లోపం ఫోన్‌దా, నాదా?

జవాబు: ఫోన్‌కి అతి చొరవ, అంతే. కెమెరా ఏదైనా దాని లెక్క ఒకటే. ఎదురుగా ఏమున్నా సరే, సగటున బూడిదరంగు వెలుగుకు తెచ్చి పెడుతుంది. నల్లగోడ చూపిస్తే బూడిదగోడ చేస్తుంది, మసక వీధి చూపిస్తే తెల్లవార్చేస్తుంది. దానికి తోడు నైట్ మోడ్ వరసగా కొన్ని ఫ్రేములు తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, నీడల్లో దాక్కున్నవన్నీ బయటికి లాగుతుంది. పోగొట్టుకున్న తాళంచెవి వెతకడానికైతే పర్వాలేదు.

ముందు నైట్ మోడ్ ఆపేయండి. దీపం వెలుగు పడిన గోడ ఉంటుంది చూడండి, తెరమీద ఆ గోడపై వేలు పెట్టి నొక్కండి. దీపంమీదే నొక్కితే మిగతాదంతా బొగ్గయిపోతుంది. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని గోడ గచ్చు కనిపించేదాకా కిందికి జరపండి. విడి కెమెరా అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1 దగ్గర మొదలుపెట్టండి. నాది చాలా సాయంత్రాలు అక్కడే ఉంటుంది.

రెండోది, వేళ. సూర్యుడు దిగాక క్షితిజానికి 6 డిగ్రీల కిందికి వెళ్లేదాకా ఆకాశంలో వెలుగు మిగిలి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర ఇది 20, 25 నిమిషాల్లో ముగుస్తుంది, దూరం వెళ్లేకొద్దీ సాగుతుంది. పైనున్న ఓజోన్ పొర నారింజ, ఎరుపు వెలుగును కొంత మింగేయడం వల్ల ఆకాశం అంత చిక్కటి నీలంగా మారుతుంది. ఆకాశం వెలుగు, కిటికీల్లో దీపాల వెలుగు సరిసమానంగా తూగే పది నిమిషాలు ఇందులోనే ఉంటాయి. కళ్లు సగం మూసి చూడండి. కిటికీ, ఆకాశం రెండూ ఒకేలా మెరుస్తుంటే అదే వేళ. ఆ పది నిమిషాల్లో ఫోన్ వస్తే నేను ఎత్తను, ఇంట్లోవాళ్లకు అలవాటైపోయింది.

ప్రశ్న: వీధి నిండా జనం, ఎవర్ని ఫ్రేములో పెట్టాలో తేలదు. ఒక్క సాయంత్రం మూడొందలు తీస్తాను, ఒక్కటీ నిలవదు. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: మీరు మనుషుల వెంట పడుతున్నారు. నేనూ పదేళ్లు పడ్డాను. ఇప్పుడు ముందు వెలుగును వెతుక్కుంటాను, మనిషి కోసం అక్కడే కాచుకుంటాను.

పోయిన వానాకాలంలో ఒక మలుపు దగ్గర ఇలాగే నిలబడ్డాను. చెమ్మపట్టిన పొడవాటి గోడ, దానిమీద ఒక్కటే దీపం, కింద గుంటలో నిలిచిన నీళ్లు. గోడమీద వెలుగు గొడుగు ఆకారంలో పడి, అంచుల్లో మెల్లగా కరిగిపోతోంది. కెమెరా ఛాతీ ఎత్తున పెట్టుకుని, ఫోకస్ ఆ గోడకు రెండడుగులు ముందు ఆపేసి, నలభై నిమిషాలు నిలబడ్డాను. నిచ్చెన మోస్తూ ఒకాయన వెళ్లాడు, నిచ్చెన బావుంది కానీ ఆయన దీపం దాటాకగాని నేను తేరుకోలేదు. ఇద్దరు పిల్లలు నన్ను చూసి పోజు పెట్టారు. వాళ్లదీ ఒకటి తీశాను, అది వేరే లెక్క. చివరికి ఒకావిడ సరిగ్గా ఆ వెలుగులోకి వచ్చి ఆగి, గొడుగు మూసి, నీళ్లు దులిపింది. ఆ క్షణంలో నేనేం చేస్తున్నానో తెలుసా? తల దించుకుని, నిచ్చెనాయన ఫొటో ఎలా వచ్చిందో తెరమీద చూసుకుంటున్నాను. దులిపిన చినుకులు దీపం వెలుగులో విచ్చుకోవడం కంటితో చూశాను గానీ ఫొటో లేదు. అందుకే చెబుతున్నాను, తీసినవి అక్కడ నిలబడి చూసుకోకండి.

నిలబడినప్పుడు గమనించాల్సిందల్లా మనిషి తల దేనిమీద పడుతోందన్నది. చీకటి తల చీకటి తలుపుమీద పడితే మనిషి మాయమే. అరడుగు పక్కకు జరిగితే అదే తల వెలుగుగోడమీదికి వచ్చి, ముక్కు గీతతో సహా తెలుస్తుంది. రెండు కాళ్ల మధ్య కాస్త వెలుగు కనిపించాలి, లేకపోతే నడుస్తున్న మనిషి పాతిన స్తంభంలా ఉంటాడు. అడుగు బాగా విడివడే దాకా ఆగి నొక్కండి. ఫ్రేము మూలల్లో తెల్లటి బోర్డు ఉందేమో చూడండి, కన్ను ముందు దాని దగ్గరికే పోతుంది.

షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు ఉంటే కాస్త దూరాన నడిచే మనిషి నిలుస్తాడు, దగ్గరైతే 1/250 కావాలి. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 3200కి భయపడకండి. గ్రెయిన్, అంటే ఇసుకరవ్వల్లాంటి చుక్కలు, ఉన్న ఫొటోని క్షమిస్తారు, కదిలిపోయిన మొహాన్ని క్షమించరు. కావాలనే కదిలించాలంటే మాత్రం 1/15కి తెగించండి.

ఇంకో దారి, అద్దం వెనక నుంచి తీయడం. న్యూయార్క్‌లో సాల్ లైటర్ అనే ఫొటోగ్రాఫర్ 1950ల్లోనే ఆవిరి పట్టిన కిటికీల గుండా రంగుల్లో తీశాడు. ఫ్రేములో ముప్పాతిక భాగం మసకే, ఒక్క ఎర్రగొడుగు ఉంటుంది, అది చాలు.

ప్రశ్న: దీపాల కింద తీసిన ఫొటోల్లో అడ్డంగా నల్లచారలు. కెమెరా పాడైందా?

జవాబు: లేదు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట చాలా దీపాలు సెకనుకు 100 సార్లు రెపరెపలాడతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా తీసే పద్ధతి) ఆన్‌లో ఉంటే ఆపేయండి. చాలావరకు పోతాయి.

ప్రశ్న: ఎడిటింగ్‌లో అన్నీ నారింజ, నీలం చేసేస్తున్నారు. నేనూ అలాగే చేస్తే కృత్రిమంగా ఉంటోంది. మీరు ఏం చేస్తారు?

జవాబు: ఆ రెండు రంగులు వీధిలోనే ఉంటాయి, వాటిని చెడగొట్టకుండా ఉంటే చాలు. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపు. పగటి వెలుగు 5500 కెల్విన్ చుట్టూ, పాత ఫిలమెంటు బల్బు 2700 చుట్టూ ఉంటుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును కెమెరాయే సరిచేసే పద్ధతి) పసుపు దీపాన్ని తెల్లగా కడిగేస్తుంది. నేను రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచిన ఫైల్) తెరిచి వైట్ బ్యాలెన్స్ 4000 దగ్గర పెడతాను. దీపం పసుపుగా, ఆకాశం నీలంగా వాటంతటవే నిలబడతాయి. రా కాకుండా, కెమెరాయే దిద్ది కుదించే జేపెగ్‌లోనే తీసుంటే ఇంత లాగకండి, ఆకాశం మెట్లుమెట్లుగా చీలుతుంది.

ఆ తరవాత హైలైట్స్ (బాగా వెలిగే భాగాలు) తగ్గించి, బల్బు చుట్టూ ఉన్న గూడు కనిపిస్తుందో లేదో చూస్తాను. షాడోస్ (నీడ భాగాలు) జోలికి పోను. అందరూ ముందు దాన్నే పైకి లాగుతారు, సాయంత్రం అక్కడే చచ్చిపోతుంది. మసకను తగ్గించే క్లారిటీ, డీహేజ్ మీటలు కూడా అంతే. మంచు తెర కోసమని గంటసేపు తిరిగి, ఇంటికొచ్చి డీహేజ్‌తో దాన్నే తుడిచేస్తారు! ట్యూబ్‌లైటు పచ్చదనం మొహంమీద పడి పేషెంటులా ఉంటే ఆకుపచ్చ ఒక్కదాని గాఢత తగ్గించండి. లో ప్రెషర్ సోడియం దీపం (ముద్దపసుపు వెలుగిచ్చే వీధిదీపం) కింద తీసినదైతే రంగులకోసం తంటాలు పడొద్దు. దాని వెలుగంతా దాదాపు 589 నానోమీటర్ల దగ్గరే, అంటే ఒక్క పసుపులోనే ఉంటుంది, ఎర్రచొక్కా, ఆకుపచ్చ చొక్కా ఒకే మట్టిరంగు. నలుపుతెలుపు చేసేయండి.

ఒక సంగతి దెబ్బతిని నేర్చుకున్నాను. రాత్రి చీకటి గదిలో స్క్రీన్ వెలుగు నిండుగా పెట్టుకుని ఒక ఫొటో ఎడిట్ చేశాను, తెరమీద అద్భుతం. ప్రింట్ వేయిస్తే బొగ్గుముక్క. స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించి, మర్నాడు పొద్దున ఇంకోసారి చూసుకోండి.

ప్రశ్న: ట్రైపాడ్ తప్పనిసరా?

జవాబు: నడిచే మనుషులకు దండగ, ఖాళీ వీధికి బంగారం. పారిస్ రాత్రుల్ని తీసిన బ్రసాయ్ ఎక్స్‌పోజర్‌ని (షట్టర్ తెరిచి ఉంచే సమయాన్ని) సిగరెట్‌తో లెక్కపెట్టేవాడట, చీకటి ఎక్కువైతే లావు సిగరెట్. మీరు టైమర్ పెట్టుకోండి.

ప్రశ్న: అడ్డొచ్చినవి తీసేయడం, లేనివి పెట్టడం మోసం కాదా?

జవాబు: వార్తకైతే మోసమే, సందేహం లేదు. మన సరదా ఫొటోలకు ఎవరి హద్దు వారిది. హాంకాంగ్ వీధుల్ని తీసిన ఫాన్ హో 1954 నాటి ఫొటో ఒకటి చాలా పేరుపొందింది. తెల్లగోడ, పక్కన ఒకమ్మాయి, గోడమీద ఏటవాలు నీడ. ఆ నీడ ప్రింటు వేసే డార్క్‌రూములో ఆయన కలిపినదే, అమ్మాయి ఆయన బంధువే. ఫొటో అందం నాకైతే ఏమీ తగ్గలేదు.

నేను మాత్రం క్రాప్ చేస్తాను, మూలలు నల్లబరుస్తాను, వస్తువులు తీయను. ఒక్కసారి తీశాను. ముసురులో దీపం కింద నడుస్తున్న ముసలాయన పక్కన చెత్తబుట్ట ఉంటే చెరిపేశాను. ఎవరూ కనిపెట్టలేదు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ముసలాయన కనిపించడు, ఆ చెత్తబుట్టే కనిపిస్తుంది.